ఎవరిది ఆపాలి?

కొండ మీద సర్వర్ల గదిలో దెస్మవర్తి. కింద, సముద్రపు ఒడ్డున పదాంగ్‌లో, ఇంకో సర్వర్ల గదిలో అఫ్రిజోన్. మధ్యాహ్నం. రెండు చోట్లా వాన. ఇద్దరి చెవుల దగ్గరా ఫోన్లు. అతనికి ఆమె 'ఉని', అంటే అక్క; ఆమెకి అతను జోన్.

"చచ్చిపోయిందంటోంది ఉనీ! మీ సర్వరు చచ్చిపోయిందని నా స్క్రీను మీద ఎర్రగా రాస్తోంది!"

"నాది బతికే ఉంది జోన్. బతికుండి, నీది చచ్చిందంటోంది."

"నాదా? నా ఎదురుగానే ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దీపాలు వెలుగుతున్నాయి."

"ఇక్కడా అంతే."

"మరి ఎవరు చచ్చినట్టు?"

"ఎవరూ చావలేదు. మధ్యలో కేబులు చచ్చింది. లోయలో కొండచరియ విరిగి పడిందట. రోడ్డుతో పాటు కేబులూ పోయింది. ఇప్పుడు దానికీ దీనికీ మాటల్లేవు. ఇదేమో అది పోయిందనుకుంటోంది, అదేమో ఇది పోయిందనుకుంటోంది."

"అనుకుంటే అనుకోనీండి. అందుకేగా రెండు పెట్టాం? ఒకటి పోతే రెండోది నడిపిస్తుందని."

"ఒకటి పోతే కదా. ఒకటీ పోలేదు. రెండూ పెద్దరికం నెత్తినేసుకున్నాయి."

"అయితే ఏమవుతుంది?"

"నీ స్క్రీనులో సారియక్ నది చూడు. నీళ్ళెంత ఉన్నాయి?"

"పచ్చ. పచ్చగానే ఉంది. మోకాలి లోతు కూడా లేదు."

"ఎప్పటి లెక్క అది?"

"ఎప్పటిదంటే... ఉండండి. పొద్దుటిది. పొద్దున్నుంచీ మారలేదు."

"మారదు. నది కొలతలు ముందు నాకొస్తాయి, నా నుంచి నీకొస్తాయి. దారి తెగింది. నీది పొద్దుటి నదినే చూస్తూ కూర్చుంది."

"మీ దాంట్లో ఎంత?"

"ఎరుపు దాటింది."

"ఎరుపు దాటాక ఏముంటుంది?"

"ఏమీ లేదు. మనం ఎరుపు దాకే పెట్టాం."

"యా అల్లా."

"మరాపి అగ్నిపర్వతం మీద నిన్నటి నుంచీ కురుస్తూనే ఉంది. బూడిదా, బండలూ, చెట్లూ అన్నీ కలిసి దిగుతున్నాయి. గలోదో జోన్, మామూలు వరద కాదు. కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి. నా కాళ్ళ కింద గచ్చు వణుకుతోంది."

"మరి సైరన్లు? ఎరుపు దాటితే వాటంతట అవే మోగాలి కదా! సారియక్ ఒడ్డున సంతకి వినపడాలి కదా!"

"మోగలేదు."

"ఎందుకు మోగలేదు?"

"రేడియోలో నాది మోగమంటోంది. నీది ఊరుకోమంటోంది."

"అంతేనా? అయితే నాది కూడా మోగమనేలా నేను చేత్తో కొట్టేస్తా. ఇప్పుడే కొట్టేస్తా. పాస్‌వర్డు... పాస్‌వర్డు ఏంటి..."

"ఆగు. కొట్టినా మోగదు. సైరన్‌కి పెద్ద ఒక్కరే ఉండాలి. ఇద్దరు పెద్దలు కనపడితే ఎవడో దొంగ దూరాడనుకుని ఎవరి మాటా వినదు. పోయినేడు ఎవడో తుంటరి రేడియోతో సైరన్ మోగించి ఊరు ఊరంతా గుట్ట ఎక్కించాడు చూడు, ఆ తర్వాత ఆ కాపలా పెట్టింది నువ్వే కదా."

"పెట్టమంది మీరు."

"నేనే. ఇప్పుడు అది కాదు."

"సైరన్ స్తంభం దగ్గర బటను ఉంది కదా? చేత్తో నొక్కేది?"

"పిల్లలు ఊరికే నొక్కుతున్నారని దానికి తాళం వేయించారు. తాళంచెవి ఊరి పెద్ద దగ్గర. ఆయన ఎవరిదో పెళ్ళి భోజనానికి పొరుగూరు వెళ్ళాడు. వంతెన అవతల."

"మసీదు మైకు?"

"సంత దగ్గర కరెంటు లేదు. ఫోను టవరు పడిపోయింది. ఎవరికి చేసినా పలకట్లేదు. సోలార్ బ్యాటరీల మీద సైరన్లొక్కటే బతికున్నాయి అక్కడ."

"బతికుండి మోగట్లేదు."

"ఊఁ. జోన్, ఇవాళ ఏం వారం?"

"తెలుసు."

"సంత రోజు కదా."

"తెలుసని చెప్పాను కదా!"

"మీ అమ్మ—"

"అమ్మ సంగతి ఎత్తొద్దు ఉనీ. మీ కాళ్ళు పట్టుకుంటా."

"వెళ్ళిందా సంతకి?"

"ఎప్పుడైనా మానిందా? వానొచ్చినా ఎండొచ్చినా వెదురు గొట్టాల్లో కాల్చిన లమాంగ్ అన్నం నెత్తిన పెట్టుకుని చీకటితోనే దిగిపోతుంది. పైన షెడ్డులో చోటిస్తే ఒప్పుకోదు. నది పక్కనే కూర్చుంటుంది, చేతికి అంటుకున్న అన్నం కడుక్కోవడానికి వీలుగా ఉంటుందట. ఫోనేమో ఇంట్లో బియ్యం డబ్బాలో దాచి వెళ్తుంది, సంతలో దొంగలుంటారని. ఆ టవరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"ఏడవకు. నువ్వు ఏడిస్తే నాకు చేతులాడవు. చెయ్యాల్సింది చూద్దాం."

"మూడోది! ఉనీ, మూడోది ఉంది కదా! పాయకుంబులో! తగువొస్తే తీర్పు చెప్పేది అదే కదా. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకున్న మాటే చెల్లాలని మాన్యువల్లో మొదటే ఉంది. మీరే చదివించారు నాతో. మూడోది ఎవరి వైపు ఉంది?"

"ఎవరి వైపూ లేదు."

"దాని కేబులు కూడా తెగిందా?"

"దాని కేబులు బాగానే ఉంది."

"మరి?"

"అది ఖాళీ పెట్టె, జోన్."

"ఏంటి?"

"ఖాళీ డబ్బా. లోపల చిన్న బల్బు ఉంటుంది. పచ్చగా మిణుకుమిణుకుమంటుంది."

"నేను దాని పక్కన నిలబడి ఫోటో దిగాను!"

"అందరం దిగాం. ప్రారంభోత్సవం తారీఖు పడిపోయింది. జకార్తా నుంచి పెద్దాయన విమానం ఎక్కేశాడు. పసుపన్నం గోపురంలా పేర్చేశారు, రిబ్బను కట్టేశారు. సర్వరొక్కటే ఓడ దిగలేదు. 'ఇంకా కాలేదండీ' అని మన డైరెక్టరు పాక్ జస్రిల్‌తో ఎవరనాలి? నువ్వంటావా?"

"నేనెందుకంటాను."

"నేనూ అనలేదు. 'సిద్ధం సార్' అన్నాను. ఆయన పై వాళ్ళతో 'సిద్ధం' అన్నాడు. సర్వరు వచ్చాక గుట్టుగా మార్చేద్దాం అనుకున్నాం. రిబ్బను తెగాక దాని ఊసు ఎవరూ ఎత్తలేదు."

"కానీ మనం పరీక్ష చేశాం కదా! అందరి ముందూ ప్లగ్గు పీకి చూపించాం. ఒకటి ఆగగానే రెండోది అందుకుంది. చప్పట్లు కొట్టారు."

"ప్లగ్గు పీకాం. కేబులు ఎవరూ తెంపలేదు."

"ఓటు వేసే మూడోవాడు లేకుండా ఇన్నాళ్ళు ఎలా నడిచింది?"

"ఓటు అడగొద్దని చెప్పాను వాటికి. 'రెండోది కనపడకపోతే నువ్వే పెద్ద' అని చెప్పాను. లేకపోతే ఆ రోజు లేచేవే కావు."

"దేనికి చెప్పారు? మీ దానికా, నా దానికా?"

"రెండిటికీ."

"రెండిటికీనా!"

"అరవకు."

"రేపు ఏమంటారో తెలుసా? ఊరికే దొరికే క్లౌడ్ సాఫ్ట్‌వేరు తెచ్చి పెట్టారు, అందుకే ఇలా అయింది అంటారు."

"క్లౌడ్ ఏం చేసింది పాపం. ఎక్కడెక్కడి వాళ్ళో కూర్చుని ఊరికే రాసిచ్చారు. మూడు పెట్టండర్రా అని కూడా రాశారు. పెట్టంది మనం."

"అయితే దూరం నుంచి ఆపే స్విచ్చు? ఒకటి తిక్కతిక్కగా చేస్తే రెండోది దాని కరెంటు తీసెయ్యడానికి పెట్టాం కదా?"

"నొక్కాను. నీదీ నాదీ రెండూ నొక్కే ఉంటాయి ఈపాటికి. అది కూడా ఆ కేబులు మీదే కదా వెళ్ళాలి."

"అన్నీ ఆ ఒక్క కేబులు మీదేనా!"

"అన్నీ. జోన్, ఇక చేత్తోనే చెయ్యాలి. ఒకటి ఆగాలి. రెండూ ఉన్నంతసేపూ సైరన్ మోగదు."

"ఆపితే, తప్పయితే, మళ్ళీ లేపొచ్చు కదా?"

"లేవడానికి అరగంట పైన పడుతుంది. నీళ్ళు అంతసేపు ఆగవు. ఒక్కసారే చెయ్యాలి, సరిగ్గా చెయ్యాలి."

"సరే. ఎవరిది ఆపాలి?"

"నీది."

"మీది."

"జోన్, నాది నదిని చూస్తోంది. నీది గుడ్డిది. గుడ్డిదాన్ని ఉంచి కళ్ళున్నదాన్ని చంపమంటావేంటి?"

"నాది ఆపాలంటే పాక్ జస్రిల్ అనుమతి కావాలి. తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించి పెట్టాడు. ఆయనేమో మీటింగులో ఉన్నాడు, ఫోను ఆఫ్."

"మీ అమ్మ నది పక్కన కూర్చుని ఉంటే ఆయన అనుమతి అడుగుతావా నువ్వు?"

"అది కాదు ఉనీ! అది కాదు. ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు?"

"కీచుకీచుమంటోంది, మీ వెనకాల."

"ఏం లేదు."

"ఆగి ఆగి అరుస్తోంది. బ్యాటరీది కదా? మీకు కరెంటు లేదా?"

"పొద్దున్నే పోయింది."

"జనరేటరు?"

"మునిగింది. లోపలుంటే మోత ఎక్కువని మెట్ల కింద పెట్టించారు కదా."

"ఇందాకటి నుంచీ చెప్పరేంటి! బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?"

"వస్తుందిలే."

"ఎంతసేపు?"

"తెలీదు! గంటైనా ఉండొచ్చు, నువ్వూ నేనూ మాట్లాడుతుండగానే పోవచ్చు. పాత బ్యాటరీ. దానికే తెలీదు."

"తెలీకుండానే నాది ఆపమంటున్నారా? నాది ఆపాక మీది పోతే? సైరన్ ఒక్క కూత కూసి ఆగిపోతే? జనం ఏమనుకుంటారు? మళ్ళీ ఎవడో తుంటరి అనుకుంటారు. బుట్టలు సర్దుకోవడం కూడా మానేస్తారు. మా అమ్మ అయితే తల కూడా ఎత్తదు. నాకిక్కడ కరెంటు రెండు లైన్ల మీద వస్తోంది. కొత్త జనరేటరుంది. నాది గుడ్డిదే, కానీ పడిపోదు. మీది ఆపండి. నీళ్ళెంతో మీరు కిటికీలోంచి చూసి చెప్పండి, నేను చేత్తో కొడతాను. ఎరుపని కొట్టగానే మోగుతుంది."

"నా గది నాకు నమ్మకం. ఇన్నేళ్ళు నడిపాను."

"బ్యాటరీ అరుస్తుంటే నమ్మకమేంటి ఉనీ!"

"ఉని అని పిలిచి అక్కను చేసుకున్నావు కదా? అక్క మాట విను. నీది ఆపు."

"తమ్ముడి మాట ఒక్కసారి మీరు వినండి. మీది ఆపండి."

"మొండి వెధవా, నీకు పాక్ జస్రిల్ అంటే భయం. అందుకే—"

"భయమే! భయం కాదని అన్నానా? అన్నిటికీ భయమే నాకు! ఉనీ? హలో? ఉనీ!"

ఫోను తెగిపోయింది. పదాంగ్ గది తలుపు తోసుకుని ఎలక్ట్రీషియన్ ఇస్మెద్ లోపలికొచ్చాడు.

"ఏమైందిరా జోన్? వసారాలోకి వినపడుతున్నాయి నీ అరుపులు. మొహమేంటి అలా పాలిపోయింది?"

"ఉదా ఇస్మెద్! అన్నా, మంచి టైముకొచ్చారు. ఈ ర్యాకు తాళం మీ దగ్గరే కదా?"

"ఎలక్ట్రీషియన్ దగ్గర కాక వంటమనిషి దగ్గరుంటుందా? ఎందుకు?"

"ఇవ్వండి."

"ఎందుకో చెప్పు."

"సర్వరు ఆపాలి."

"ఏ సర్వరు? ఇదా? పిచ్చెక్కిందా నీకు? ఆ తలుపు మీద బోర్డు చదివావా? 'డైరెక్టరు గారి అనుమతి లేనిదే—'"

"రోజూ చదువుతున్నాను. గలోదో వస్తోంది ఉదా. సారియక్ మీద. ఈ సర్వరు నది పచ్చగా ఉందని చెప్తూ కూర్చుంది. పైనున్న సర్వరు ఎరుపంటోంది. రెండూ ఉన్నంతసేపు సైరన్ మోగదు. ఒకటి ఆగాలి."

"పై అక్కగారు ఏమంది?"

"నాది ఆపమంది. నేను ఒప్పుకోలేదు. ఆమె బ్యాటరీ పోతుంది, ఆమెదే ఆపమన్నాను."

"బాగా చెప్పావు. న్యాయం నీ వైపే ఉంది. ఆమెనే ఆపనీ. ఇంద, వేడి కాఫీ తాగు."

"ఆమె ఆపదు."

"ఎలా తెలుసు?"

"ఉని దెస్ ఒక మాట అన్నాక వెనక్కి తీసుకోవడం ఎప్పుడైనా చూశారా మీరు? 'నా గది నాకు నమ్మకం' అంది. ఇంక ఆమె ఆ సర్వరుని కావలించుకుని కూర్చుంటుంది. ఫోనేమో తెగింది. మళ్ళీ మళ్ళీ చేస్తున్నా కలవట్లేదు. ఎంతసేపు వాదిస్తాం? ఆమె చేతిలో ఉన్నది ఆమెది. నా చేతిలో ఉన్నది ఇదొక్కటే."

"కాసేపు ఆగి చూడు. పాక్ జస్రిల్ మీటింగు అవ్వనీ."

"నది ఆగుతుందా?"

"ఒరేయ్, నాకు ముగ్గురు పిల్లలు. నీకు పెళ్ళి కూడా కాలేదు. ఇది ఆపితే రేపు నువ్వూ నేనూ రోడ్డు మీద టైర్లకి గాలి కొట్టుకోవాలి."

"ఇవాళ సంత, ఉదా. మా అమ్మ అక్కడుంది."

"ఎవరు? అమక్ నూర్‌హయాతి? లమాంగ్ ఆవిడా? పండక్కి నాకు అరటాకులో చుట్టి పంపిన ఆవిడా?"

"ఆవిడే."

"ముందే ఏడవొచ్చు కదరా ఆ మాట! తాళం, బోర్డు, డైరెక్టరు అంటూ ఇంతసేపు మాట్లాడించావు. జరుగు. నువ్వు ముట్టుకోకు, కంగారులో పక్కదాని వైరు పీకుతావు. ఏది? ఇదా?"

"దాని కిందది. రెండు వైర్లుంటాయి. రెండూ పీకాలి."

"చావకుండా ఉండాలని దీనికి రెండు గొంతులు పెట్టారు. సరేనా? పీకనా? తర్వాత నన్ననకు."

"పీకండి."

"బిస్మిల్లా."

"ఆగిందా?"

"ఒకటి అయింది. రెండోది బిగుసుకుపోయింది. ఉండు... ఆఁ."

"దీపాలన్నీ పోయాయా? వెనక వైపు కూడా చూడండి."

"అన్నీ పోయాయి. ఫ్యాన్లు కూడా. అబ్బ, ఈ గది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. జోన్, కూర్చో."

"సరిగ్గానే చేశాం కదా ఉదా?"

"నన్నడుగుతావేంటి? నేను వైరు పీకేవాణ్ణి. అదుగో, నీ ఫోను! మోగుతోంది, తియ్యి, తియ్యి!"

"హలో? ఉనీ?"

"జోన్! దొరికావా! మాట్లాడకు, ముందు విను, ఈ లైను ఉండదు. వంతెన మునిగింది. వంతెన స్తంభం మీద ఎరుపు గీత కనపడట్లేదు, దాని పైదాకా నీళ్ళే. ఎరుపని కొట్టు."

"ఉనీ, నేను చెప్పేది—"

"కొట్టావా?"

"ముందు నేను చెప్పేది వినండి!"

"తర్వాత చెప్పు! ఎరుపని కొట్టు చాలు, లెక్కలేం వద్దు! ఇంకా దిగుతోంది జోన్, ఇళ్ళంత బండలు దిగుతున్నాయి!"

"నేనెందుకు కొట్టాలి, మీది చూస్తోంది కదా! ఉనీ, మీ మాటే విన్నాను. మీరే నెగ్గారు. పాక్ జస్రిల్ ఏమన్నా అననీండి, ఉద్యోగం పోతే పోనీండి. నాది పీకేశాం, ఉదా ఇస్మెద్, నేనూ. రెండు వైర్లూ పీకేశాం. ఇప్పుడు మీదొక్కటే పెద్ద. ఈపాటికి సైరన్ మోగుతూ ఉంటుంది. మోగుతోందా? మీకు వినపడుతోందా? ఉనీ?"

"..."

"మాట్లాడరేంటి? బ్యాటరీ పోయిందా?"

"లేదు. బ్యాటరీ ఉంది."

"హమ్మయ్య! చంపేశారు కదా నన్ను. మరి మీ సర్వరు మోగమని చెప్పిందా లేదా?"

"ఏ సర్వరు, జోన్? దాని వైరు నా చేతిలో ఉంది."